పరీక్షకు పంపడం సగం పనే: పల్లె ప్రాంతపు మాజీ మహిళా సైనికుల ఆరోగ్యం గురించి ఒక కొత్త నర్సుకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికాలో ఒక పెద్ద నగరంలో పదేళ్ళు నర్సుగా పనిచేశారు. కుటుంబ కారణాలతో ఉత్తర మైదానాల్లో, మోంటానా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరికి మారి, అక్కడి వీఏ క్లినిక్‌లో, అంటే మాజీ సైనికుల వ్యవహారాల శాఖ నడిపే వైద్యశాలలో చేరారు. మూడో వారంలోనే నూట ముప్పై మంది మాజీ మహిళా సైనికుల జాబితా మీ చేతికిచ్చి, వీరి ముందస్తు పరీక్షల సమన్వయం మీరే చూడాలన్నారు. అందులో సగం మందికి మామోగ్రామో (రొమ్ము ఎక్స్‌రే), గర్భాశయ ముఖద్వార పరీక్షో గడువు దాటిపోయింది. ఫోన్లు చేశారు, ఉత్తరాలు పంపారు. సరే వస్తామన్నవాళ్ళు రాలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానని అడిగారు.

మీరు తప్పేమీ చేయడం లేదు. మీ చేతిలో ఉన్న జాబితా ఎవరికి గడువు దాటిందో మాత్రమే చెబుతోంది. ఎందుకు దాటిందో చెప్పదు. వెళ్ళి వచ్చినవాళ్ళ ఫలితం ఎక్కడ ఆగిపోయిందో అసలే చెప్పదు. సమన్వయం అంటే ఆ రెండు విషయాలను పట్టుకుని కూర్చోవడమే.

నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. పనిని అమెరికాలో నేర్చుకున్నాననుకునేదాన్ని. తరవాత తరవాత, దీన్ని మా ఇంట్లోనే చూశానని అర్థమైంది. మా అమ్మ ప్రకాశం జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం. ఊళ్ళో అందరూ నర్సమ్మ అనేవారు. ఆమె సంచిలో సూదిమందుల కన్నా బరువుగా ఒక రిజిస్టరు ఉండేది. ఏ ఇంట్లో ఏ పిల్లకు రెండో డోసు పడలేదో, ఏ గర్భిణి పుట్టింటికి వెళ్ళిందో, ఎప్పుడు తిరిగి వస్తుందో అందులో రాసుకునేది. టీకా వేసిన రోజు గడిలో చిన్న చుక్క మాత్రమే పెట్టేది. మర్నాడు వెళ్ళి జ్వరం వచ్చిందో లేదో కనుక్కున్నాక, ఆ చుక్క మీద గీత గీసేది. గీత పడనంతవరకు ఆమె లెక్కలో పని పూర్తయినట్టు కాదు. మీకు చెప్పదలచుకున్నది ఆ గీత గురించే. దానికన్నా ముందు, మీ జాబితాలో లేనివాళ్ళ గురించి చెప్పాలి.

అమెరికాలో మాజీ మహిళా సైనికులు దాదాపు 20 లక్షల మంది. వాళ్ళలో సుమారు నాలుగో వంతు పల్లె ప్రాంతాల్లో ఉంటారు. చాలామంది వీఏలో పేరే నమోదు చేసుకోలేదు. మీ ఊళ్ళో కిరాణా కొట్టులోనో, చర్చిలోనో ఒకామెను "మీరు వెటరనా?", అంటే మాజీ సైనికురాలా అని అడగండి. "కాదు, మా ఆయన" అంటుంది. అదే ఆమెను "మీరెప్పుడైనా సైన్యంలో పనిచేశారా?" అని అడగండి. "ఆ, నాలుగేళ్ళు చేశాను, కాని యుద్ధానికి వెళ్ళలేదు" అంటుంది. అడిగిన విషయం ఒకటే అయినా జవాబు మారిపోతుంది. అమెరికా సైన్యంలో అన్ని యుద్ధ విధులూ మహిళలకు తెరుచుకున్నది 2015 చివరలో. అంతకు ముందు తరాలవాళ్ళకు తాము అసలు సైనికులమేనా అన్న సందేహం ఎవరో ఒకరు నాటిపెట్టారు. వియత్నాంలో దాదాపు 11,000 మంది మహిళలు సైన్యం తరఫున పనిచేశారు, అందులో పదిమందిలో తొమ్మిదిమంది నర్సులే. వాళ్ళలో కొందరు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళ వయసులో మన చుట్టుపక్కల పొలాల మధ్య ఇళ్ళలో ఉన్నారు. ఒకామె నాతో, "నేను యుద్ధం చేయలేదమ్మా, చేసినవాళ్ళకు కట్లు కట్టాను" అంది. ఆమెకు మొదటి ఎముకల సాంద్రత పరీక్ష డెబ్బై మూడేళ్ళకు జరిగింది. మార్గదర్శకాల ప్రకారం అది అరవై ఐదేళ్ళకే జరగాల్సింది.

వీఏ తన ధ్యేయవాక్యంలో "అతడు" అన్న మాటను తొలగించింది 2023 మార్చిలో. లింకన్ 1865 ప్రసంగం నుంచి తీసుకున్న ఆ వాక్యం, యుద్ధభారం మోసిన పురుషుడిని, అతని వితంతువును, అతని అనాథ బిడ్డను ఆదుకుంటామని చెప్పేది. గోడ మీది మాట మార్చడానికి అంతకాలం పట్టినప్పుడు, వేచివుండే గదిలోని చూపులు మారడానికి ఎంతకాలం పడుతుందో మీరే ఊహించండి. వీఏ పరిశోధకులే 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వీఏ ఆవరణలో మగ మాజీ సైనికుల నుంచి అనుచితమైన మాటలో చూపులో ఎదుర్కొన్నామని దాదాపు నలుగురు మహిళల్లో ఒకరు చెప్పారు. వస్తానని రాని స్త్రీని బద్ధకస్తురాలిగా ఎప్పుడూ రాసుకోకండి. ఆమె ఒకసారి వచ్చి, ఆ గదిలో కూర్చుని, మనసు మార్చుకుని వెళ్ళిపోయి ఉండవచ్చు.

ఇప్పుడు గీత సంగతి. నేను ఈ బాధ్యత తీసుకున్న రెండో ఏడు జరిగినది, ఊరూ పేరూ చెప్పకుండా చెబుతాను. నలభై ఏడేళ్ళ ఆమె. మా దగ్గర మామోగ్రామ్ యంత్రం లేదు కనుక నలభై మైళ్ళ దూరంలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి అనుమతి పత్రం ఇచ్చి పంపాం. వెళ్ళింది, తీయించుకుంది. మా కంప్యూటర్లో ఆమె పేరు పక్కన "పూర్తయింది" అని పడింది. నేను సంతోషించాను. ఆమె ఫలితం బై-రాడ్స్ సున్నా. బై-రాడ్స్ అంటే మామోగ్రామ్ ఫలితానికి ఇచ్చే అంకె. నగరంలో పనిచేసినవారు కనుక మీకు తెలిసే ఉంటుంది, సున్నా అంటే ఏమీ లేదని కాదు, చిత్రం చాలలేదు, మరికొన్ని చిత్రాలు తీసి చూడాలి అని. ఆ ఉత్తరం ఆమె పాత చిరునామాకు వెళ్ళింది. మాకు పంపిన ఫ్యాక్స్ వేరే విభాగంలో కాగితాల కట్టలో పడింది. ఆమె స్వయంగా ఆ ఆసుపత్రికి ఫోను చేస్తే, మీకిచ్చిన అనుమతి మొదటి పరీక్షకే, రెండోదానికి కొత్త పత్రం కావాలి అన్నారు. పత్రం ఎవరు ఇప్పించాలో ఆమెకు తెలియదు. ఏడు నెలల తరవాత ఫ్లూ టీకాకు వచ్చి, చొక్కా చేయి మడుచుకుంటూ, మాటల్లో మాటగా చెప్పింది.

క్యాన్సరే. చిన్న గడ్డగానే ఉంది, చికిత్స ఫలించింది, ఆమె బాగుంది. అయినా ఆ ఏడు నెలలు నావే. ఆ పత్రం ఆపినవాళ్ళూ, ఫ్యాక్స్ తప్పుచోట పెట్టినవాళ్ళూ ఉన్నారు, కాని నా పుస్తకంలో చుక్క మీద గీత గీసింది నేనే.

ఆ తరవాత నుంచి నా రిజిస్టరు మారింది. ఇప్పటికీ కంప్యూటర్ జాబితాకు తోడుగా సొంత పట్టిక పెట్టుకుంటాను. వ్యక్తిగత వివరాలు కార్యాలయపు భద్రమైన వ్యవస్థ దాటి బయటికి పోకుండా చూసుకోండి, అది తప్పనిసరి. ఆ పట్టికలో ఒక్కో పరీక్షకు ఒకటి కాదు, అయిదు తేదీలు రాస్తాను: డాక్టరు పరీక్ష రాసిన రోజు, అనుమతి వచ్చిన రోజు, చేయించుకున్న రోజు, నివేదిక మా డాక్టరు కళ్ళబడిన రోజు, ఆమెకు ఫలితం చెప్పిన రోజు. తదుపరి పరీక్ష అవసరమైతే అదే వరసలో కింద మళ్ళీ అయిదు గడులు తెరుస్తాను. అయిదో గడి నిండాకే గీత. ఏదైనా వైద్యపరమైన చర్య అవసరమైన ఫలితాన్ని ఏడు రోజుల్లోగా, అవసరం లేనిదాన్ని పద్నాలుగు రోజుల్లోగా రోగికి తెలపాలని వీఏ నిబంధన. బయటి ఆసుపత్రి నుంచి నివేదికే రాకపోతే ఆ గడియారం మొదలే కాదు. కనుక నివేదిక కోసం వెంటపడటం మన పనే. పరీక్ష జరిగిన పదో రోజుకు నాలుగో గడి ఖాళీగా ఉంటే నేను ఫోను తీస్తాను.

ఫోను ఎవరికి చేయాలి? పల్లె సమన్వయంలో సగం బలం ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది. మీ చుట్టూ ఉన్న ప్రతి మామోగ్రామ్ కేంద్రంలోనూ నివేదికలు పంపే మనిషి పేరు, నేరుగా మోగే నంబరు సంపాదించండి. వీలైతే ఒకసారి కారులో వెళ్ళి ముఖాముఖి పరిచయం చేసుకోండి. వీఏ వైద్యకేంద్రాలన్నిటిలోనూ మహిళా మాజీ సైనికుల కార్యక్రమ నిర్వాహకురాలు ఉంటారు, మీ క్లినిక్ ఏ పెద్ద వీఏ ఆసుపత్రి కింద ఉందో అక్కడ ఆమె మీకు మొదటి అండ. బయటి వైద్యానికి అనుమతులిచ్చే కమ్యూనిటీ కేర్ కార్యాలయంలో మీ ప్రాంతపు పత్రాలు చూసే ఉద్యోగి రెండో అండ. మీరు సెలవు మీద వెళ్ళినప్పుడు ఈ పేర్లన్నీ ఇంకొకరికి తెలిసి ఉండాలి. నేను ఒకసారి నెల రోజులు ఇండియాకు వెళ్ళి వచ్చేసరికి పదకొండు నివేదికలు నాలుగో గడిలో ఆగి ఉన్నాయి.

దూరం గురించి. మీరు మోంటానా పేరెత్తారు కనుక ఆ లెక్కలోనే చెబుతాను. ఆ రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినదానికన్నా పెద్దది. జనం మాత్రం పదకొండు లక్షల చిల్లర. అక్కడి గ్లెన్‌డైవ్ అనే చిన్న ఊరి నుంచి బిల్లింగ్స్ నగరానికి దాదాపు 220 మైళ్ళు, అంటే విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్ళినంత. మధ్యలో తునిలా, రాజమండ్రిలా దిగి టీ తాగే ఊళ్ళు వరసగా ఉండవు. జనవరిలో మంచు గాలి లేస్తే దారి మూసేస్తారు. ఇంత దూరం ఉన్న మనిషిని ఒక నెల మామోగ్రామ్‌కు, ఇంకో నెల కంటి పరీక్షకు, మరో నెల రక్తపరీక్షకు రమ్మంటే రాదు. రావాలని అనుకోవడం కూడా న్యాయం కాదు. ఆమె వచ్చే ఒక్క రోజులో ఎన్ని కుదిరితే అన్నీ అమర్చండి. ఉదయం రక్తపరీక్ష, తరవాత డాక్టరు, మధ్యాహ్నం మామోగ్రామ్, మధ్యలో టీకాలు. దీనికి నాలుగు విభాగాలను బతిమాలుకోవాలి. బతిమాలండి.

ఆమెకు ఏ నెల కుదురుతుందో కూడా ఆమెనే అడగండి. పశువులు ఈనే వసంతకాలంలో ఏ పశుపాలకురాలూ ఇల్లు కదలదు. గోధుమ కోతల వేళ ఫోను కూడా ఎత్తదు. నేను నవంబరు మొదటి రెండు వారాలు, మళ్ళీ జూన్‌లో కొన్ని రోజులు పల్లె స్త్రీల కోసమని పట్టి ఉంచమని అడిగేదాన్ని. ఫోను ఉదయం ఆరున్నరకో, రాత్రి భోజనం అయ్యాకో చేస్తే దొరుకుతారు. పదింటికి చేసి దొరకలేదని రాసుకోవడంలో అర్థం లేదు.

2018లో వచ్చిన మిషన్ చట్టం ప్రకారం, 2019 జూన్ నుంచి, ప్రాథమిక వైద్యానికి సగటున అరగంట, ప్రత్యేక వైద్యానికి గంట కన్నా ఎక్కువ కారు ప్రయాణం అవసరమైతే బయటి ఆసుపత్రిలో వీఏ ఖర్చుతో చూపించుకోవచ్చు. వీఏలో ఆ సేవ లేకపోయినా అంతే. పల్లె స్త్రీలకు ఇది నిజంగా మేలు చేసింది. కాని అనుమతి ముందు, పరీక్ష తరవాత అన్న వరస తప్పితే బిల్లు ఆమె ఇంటికి వస్తుంది. ఒక్కసారి బిల్లు వచ్చిందంటే ఆమే కాదు, ఆమె చెల్లెలూ పక్కింటామే కూడా రావడం మానేస్తారు. అందుకే అనుమతి చేతికి వచ్చాకే తేదీ ఖాయం చేయండి. మొదటి చిత్రానికే కాక తదుపరి చిత్రాలకు, అల్ట్రాసౌండ్‌కు కూడా ఆ పత్రం వర్తిస్తుందో లేదో ముందే చదవండి.

ప్రయాణ ఖర్చు విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. సైన్యంలో చేసిన సేవ వల్ల కలిగిన వైకల్యం 30 శాతం లేదా ఆపైన ఉన్నవారికి, ఆదాయం తక్కువ ఉన్నవారికి, మరికొన్ని వర్గాలవారికి వీఏ మైలుకు 41.5 సెంట్లు ఇస్తుంది. అందులోంచి రానుపోను ప్రయాణానికి 6 డాలర్లు తగ్గిస్తారు. 290 మైళ్ళు తిరిగినామెకు 114 డాలర్ల పైచిలుకు తిరిగి వస్తుంది. నెల బడ్జెట్‌లో అది చిన్న మొత్తం కాదు. దరఖాస్తు ముప్పై రోజుల్లోగా పెట్టాలి. పక్కన కూర్చుని అక్కడికక్కడే నింపించి పంపండి, ఇంటికెళ్ళి చేసుకోమంటే చేయరు. కారు లేనివారికి వికలాంగ మాజీ సైనికుల సంఘం స్వచ్ఛంద వ్యాన్లు ఉన్నాయి. చదరపు మైలుకు ఏడుగురి కన్నా తక్కువ జనం ఉన్న కౌంటీలకు ప్రత్యేక రవాణా నిధులూ ఉన్నాయి. అయితే వ్యాన్‌లో మిగతా ఆరుగురూ మగవాళ్ళే అయినప్పుడు ఎక్కడానికి వెనకాడే స్త్రీలు ఉంటారు. అడిగి తెలుసుకోండి, ఆ కారణాన్ని చిన్నది చేసి మాట్లాడకండి.

ఇక్కడినుంచి చెప్పేది నెమ్మదిగా చదవండి.

వీఏ అడిగినప్పుడు మహిళా మాజీ సైనికుల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు, సైన్యంలో ఉండగా తమ మీద లైంగిక దాడి గాని, తీవ్రమైన లైంగిక వేధింపు గాని జరిగిందని చెబుతారు. మీ నూట ముప్పై మందిలో అది నలభై మందికి పైగా. పాప్ పరీక్షకు, అంటే గర్భాశయ ముఖద్వార పరీక్షకు, గడువు దాటినవాళ్ళ జాబితాను ఈ సంగతి మనసులో పెట్టుకుని మళ్ళీ చూడండి. ఒకామె నా దగ్గర ఆరేళ్ళు తప్పించుకుంది. ఏడో ఏట పరీక్ష గది గుమ్మం దాకా వచ్చి, బల్ల వైపు చూసి, "తలుపు నా వెనకవైపు ఉంది" అంది. ఆ రోజు పరీక్ష చేయలేదు. కూర్చుని మాట్లాడుకున్నాం. మళ్ళీ వచ్చినప్పుడు బల్ల తిప్పి ఉంచాం.

బల్ల పాదాల వైపు తలుపుకు ఎదురుగా ఉండకూడదని, తెర ఉండాలని, పరీక్ష సమయంలో తోడుగా మరొక మహిళా సిబ్బంది ఉండాలని వీఏ నియమాలు ఉన్నాయి. మీ క్లినిక్ గదిని రేపే స్వయంగా వెళ్ళి చూడండి. నియమాలు చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి మనం చేయాలి. మొదటి మాట ఆమె పూర్తిగా బట్టలతో కూర్చున్నప్పుడే జరగాలి. ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, "ఆపండి" అంటే ఆ క్షణమే ఆపుతామని మాట ఇవ్వాలి, నిలబెట్టుకోవాలి. సాధనాన్ని తానే లోపల పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వాలి. "కదలకుండా ఉండండి", "ఒళ్ళు వదులు చేయండి" అన్న మాటలు నేను వాడను. ఆ మాటలు ఆమె ఇంకెక్కడో విని ఉండవచ్చు. ఏం జరిగిందో వివరంగా చెప్పమని బలవంతం చేయవద్దు. ఆమె చెబితే వినండి. రాసుకునే పని తరవాత పెట్టుకోండి. ఈ గాయానికి సంబంధించిన చికిత్స వీఏలో ఉచితం. ఆనాడు ఫిర్యాదు చేసిన కాగితం అక్కర్లేదు, వైకల్య శాతం అక్కర్లేదు. ప్రతి వీఏ కేంద్రంలోనూ దీనికి ఒక సమన్వయకర్త ఉంటారు.

బయటి ఆసుపత్రికి పంపేటప్పుడు ఈ జాగ్రత్తలన్నీ తెగిపోతాయి, అదే నా బాధ. అక్కడి సాంకేతిక నిపుణురాలికి ఈమె సైన్యంలో పనిచేసిందని కూడా తెలియదు. రోగి అనుమతితో, కారణం రాయకుండా, "ముందు చెప్పి తాకండి, మహిళా సిబ్బందే ఉండాలి" అని రెఫరల్‌లో ఒక వాక్యం జతచేయడం అలవాటు చేసుకున్నాను. ఆ ఒక్క వాక్యం వల్ల ఎందరో తిరుగు ప్రయాణం చేయకుండా పరీక్ష చేయించుకున్నారు.

2024 మేలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఒక మేలైన అనుమతి ఇచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ పరీక్షకు నమూనాను వైద్యశాలలో, ఒంటరిగా ఒక గదిలో, స్త్రీ తానే తీసి ఇవ్వవచ్చు. ముప్పై నుంచి అరవై అయిదేళ్ళవారికి అయిదేళ్ళకొకసారి హెచ్‌పీవీ పరీక్ష చాలునన్నది ఇప్పటికే ఉన్న మార్గదర్శకం. తానే తీసిన నమూనా విషయంలో తిరిగి ఎప్పుడు చేయించుకోవాలో మీ డాక్టరును అడిగి రాసుకోండి. పరీక్ష బల్ల ఎక్కలేని స్త్రీలకు ఇది తలుపు తెరిచింది. అయితే వైరస్ కనబడితే తరవాతి పరీక్ష డాక్టరు చేతే జరగాలి. ఆ మాట ముందే చెప్పండి, ఆ రోజు ఎవరు తోడు వస్తారో కూడా ముందే అనుకోండి.

వయసు గడి చూసి మామోగ్రామ్ జాబితా తయారు చేస్తున్నారా? మామూలు సిఫారసు నలభై నుంచి డెబ్బై నాలుగేళ్ళ దాకా, రెండేళ్ళకొకసారి. మాజీ సైనికురాళ్ళకు అది సరిపోదు. కేట్ హెండ్రిక్స్ థామస్ మెరీన్ దళంలో అధికారి, 2005లో ఇరాక్‌లోని ఫలూజాలో పనిచేశారు. అక్కడి స్థావరాల్లో చెత్తను బహిరంగ గోతుల్లో తగలబెట్టేవారు. 2018లో, 38 ఏళ్ళ వయసులో, ఆమెకు నాలుగో దశ రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 2022 ఏప్రిల్‌లో మరణించారు. ఆ ఏడాది జూన్‌లోనే ఆమె పేరిట చట్టం వచ్చింది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్, కువైట్ వంటి నిర్దేశిత ప్రాంతాల్లో పనిచేసినవారికి, నలభై ఏళ్ళు నిండకపోయినా, లక్షణాలూ కుటుంబ చరిత్రా లేకపోయినా, రొమ్ము క్యాన్సర్ ముప్పు అంచనా వేయాలి, అవసరమనిపిస్తే మామోగ్రామ్ చేయాలి. మీ నూట ముప్పై మందిలో ముప్పై నుంచి నలభై ఏళ్ళ లోపు వయసున్నవాళ్ళ పేర్లు విడిగా తీసి, ఎక్కడ పనిచేశారో అడగండి. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం ప్రకారం విషపదార్థాల ప్రభావం గురించిన ప్రశ్నావళి ప్రతి అయిదేళ్ళకూ ఒకసారైనా వేయాలి. ఆ ప్రశ్నావళినీ ఈ పనినీ కలిపి చేస్తే ఒకే ఫోనులో అయిపోతుంది.

ప్రయాణమే అక్కర్లేనివి కొన్ని ఉన్నాయి, వాటిని ముందు పూర్తి చేయండి. నమ్మకం అక్కడ పుడుతుంది. నలభై అయిదు దాటినవారికి పెద్దపేగు క్యాన్సర్ కోసం మలపరీక్ష కిట్ ఏటా తపాలాలో పంపవచ్చు. ఇంట్లో రక్తపోటు చూసుకునే యంత్రం ఇప్పించవచ్చు. స్త్రీలలో గుండెజబ్బు ఎక్కువ ప్రాణాలు తీస్తుందన్నది మనం రొమ్ము గురించి మాట్లాడే తొందరలో మరచిపోతాం. పొగతాగడం మాన్పించే సలహా, నిద్ర, మనోవేదన గురించిన సంభాషణ వీడియోలో నడుస్తాయి. ఇంట్లో ఇంటర్నెట్ లేకపోతే వీఏ టాబ్లెట్ అరువిస్తుంది. బాగా కుంగిపోయి ఉన్నట్టు అనిపిస్తే 988కు, అంటే ఆత్మహత్యల నివారణ సహాయ కేంద్రానికి, ఫోను చేసి 1 నొక్కమని చెప్పి ఊరుకోకండి. ఆమె ఒప్పుకుంటే మీరే కలిపి, లైన్‌లో ఉండండి.

మలపరీక్షలో తేడా వస్తే మాత్రం కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగును చూడటం, తప్పదు. ఇక్కడ పల్లె స్త్రీ పడే ఇబ్బంది నగరంలో పనిచేసిన మనకు తోచదు. పేగు శుభ్రపడే మందు తాగి మూడు గంటలు కారులో ఎలా ప్రయాణం చేస్తుంది? మత్తు ఇస్తారు కనుక తిరిగి తీసుకెళ్ళడానికి ఎవరు వస్తారు? ఇంట్లో ముసలి అత్తగారిని ఎవరు చూస్తారు? కొన్ని వీఏ ఆసుపత్రులు ముందురోజు రాత్రికి బస ఏర్పాటు చేస్తాయి. మీదానిలో ఉందేమో కనుక్కుని, తేదీ కన్నా ముందు బస ఖాయం చేయండి.

గర్భిణులు మీ జాబితాలో కొద్దిమందే ఉంటారు, కాని వారిని ప్రసూతి సమన్వయకర్తకు వెంటనే అప్పగించండి. ప్రసవం బయటి ఆసుపత్రిలో జరుగుతుంది, బిడ్డకు మొదటి ఏడు రోజుల వైద్యం వీఏ భరిస్తుంది. ఎనిమిదో రోజు నుంచి బిడ్డ బీమా ఏమిటో ప్రసవానికి ముందే తేలాలి.

మీ పరిధిలో ఆదివాసీ రిజర్వేషన్, అంటే అక్కడి ఆదివాసీ తెగలకు కేటాయించిన ప్రాంతం, ఉంటే (మోంటానాలో ఏడు ఉన్నాయి) అక్కడి ఆరోగ్య కేంద్రాన్ని పోటీగా చూడకండి. సైన్యంలో చేరే సంప్రదాయం వాళ్ళలో బలమైనది. ఆమెకు అక్కడి నర్సు మీద నమ్మకం ఉంటే పరీక్ష అక్కడే జరగనివ్వండి. అక్కడి ఆరోగ్య సేవలకు వీఏ ఖర్చు చెల్లించే ఒప్పందాలు 2012 నుంచే ఉన్నాయి. మనకు కావలసింది నివేదిక. అది ఆమె ఇష్టంతో మనకు చేరే దారి వేసుకుంటే చాలు.

మీ ఉత్తరాల గురించి ఒక్కమాట. "మీ పరీక్ష గడువు మీరింది" అన్న వాక్యాన్ని తీసేయండి. అది బాకీ నోటీసులా ఉంటుంది. మీ పేరు, మీ నంబరు, మీరు నర్సు అన్న సంగతి, మామోగ్రామ్ ఎక్కడ, ఎంత దూరం, ఖర్చు ఎవరిది, ఏ రోజులు ఖాళీ ఉన్నాయి, ఇవి రాయండి. కింద చేత్తో సంతకం పెట్టండి. జాతీయ స్థాయిలో మహిళా మాజీ సైనికుల కోసం ఉన్న ఫోను కేంద్రం నంబరు 1-855-829-6636 కూడా రాయండి. మీతో మాట్లాడటం ఇష్టం లేనివారికి ఇంకో దారి ఉండాలి.

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే గడువు దాటినవారి జాబితా పక్కన పెట్టండి. "పూర్తయింది" అని ఉన్న పేర్లు తీయండి, గత పద్దెనిమిది నెలలవి. ఒక్కొక్కరి నివేదిక నిజంగా ఫైలులో ఉందా, ఫలితం ఆమెకు చెప్పినట్టు రాసి ఉందా చూడండి. లేని పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి ఫోను వాళ్ళకు చేయండి. బై-రాడ్స్ సున్నా గాని, నాలుగు (క్యాన్సర్ అనుమానం ఉందని) గాని కనబడి తదుపరి పరీక్ష జరగని పేరు ఒక్కటైనా దొరికితే, ఆ రోజుకు మిగతా పనులన్నీ ఆపి ఆమె కోసం అనుమతి పత్రం తెప్పించండి. ఎవరైనా అడ్డుచెబితే నాకు రాయండి, ఏ కార్యాలయంలో ఎవరిని ఎలా అడగాలో చెబుతాను.